ఆరోగ్య చార్టుల్లో 45 పెద్దదా, 24 పెద్దదా? అంకెలను పోల్చే ముందు చూడాల్సినవి ఇవీ

ఆంధ్రప్రదేశ్‌లో ప్రసూతి మరణాల రేటు 45 (2018-20). శిశు మరణాల రేటు 24 (2020). రెండూ కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ (ఎస్‌ఆర్‌ఎస్) లెక్కలే. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన బార్లుగా గీసిన చార్టు మీ ఫోన్‌కు వస్తే ఏమనుకుంటారు? పసిబిడ్డల కంటే తల్లులే దాదాపు రెట్టింపు సంఖ్యలో చనిపోతున్నారనుకుంటారు.

నిజం అది కాదు. మొదటి అంకె ప్రతి లక్ష సజీవ జననాలకు వేసిన లెక్క. రెండోది ప్రతి వెయ్యి సజీవ జననాలకు వేసినది. ఒకే కొలతలోకి మారిస్తే వెయ్యి జననాలకు తల్లుల మరణాలు 0.45, శిశు మరణాలు 24. అంటే శిశు మరణాలే 53 రెట్లు ఎక్కువ.

కృష్ణా డెల్టాలో ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది 45 సెంట్ల పొలాన్ని 24 ఎకరాల పొలంతో పోల్చడం లాంటిది. అంకె చూసి 45 పెద్దదని ఎవరూ అనరు. ఎకరానికి వంద సెంట్లని అందరికీ తెలుసు కాబట్టి. ఆరోగ్య గణాంకాల దగ్గరకు వచ్చేసరికి ఆ 'సెంటు', 'ఎకరం' చార్టులో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి, లేదంటే అసలు ఉండవు.

జిల్లా ఆరోగ్య పరిస్థితిపై డ్యాష్‌బోర్డులు, ర్యాంకులు, రంగురంగుల గ్రాఫిక్స్ ఇప్పుడు అందరి ఫోన్లలోకీ వస్తున్నాయి. ఏ పథకానికి ఎక్కువ నిధులు, ఏ మండలంపై ఎక్కువ శ్రద్ధ అన్న చర్చలు కూడా వీటి చుట్టూనే నడుస్తాయి. వేర్వేరు కొలతల్లో ఉన్న లెక్కలను ఒక చార్టులో ఎలా పోల్చాలి? ఎక్కడ పొరబడే అవకాశం ఉంది? మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వాసులు ప్రత్యేకంగా గమనించాల్సినవి ఏమిటి?

ఏ లెక్క, ఎంతమందికి?

తరచూ కనిపించే ఆరోగ్య సూచికలు, వాటి కొలతలు ఇవీ:

- ప్రసూతి మరణాల రేటు: లక్ష సజీవ జననాలకు
- శిశు మరణాల రేటు (ఏడాది లోపు పిల్లలు): వెయ్యి సజీవ జననాలకు
- రక్తహీనత, ఎదుగుదల లోపం, ఆసుపత్రి కాన్పులు: వందకు, అంటే శాతం
- సంతాన సాఫల్య రేటు: ఒక మహిళకు సగటున ఎంతమంది పిల్లలు
- హిమోగ్లోబిన్: డెసిలీటరు రక్తంలో ఎన్ని గ్రాములు
- రక్తంలో చక్కెర: డెసిలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు

వీటన్నింటినీ ఒకే స్కేలుపై గీస్తే పెద్ద అంకెలున్నవి చార్టంతా ఆక్రమిస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 96.5 శాతం, సంతాన సాఫల్య రేటు 1.7. సున్నా నుంచి వంద వరకూ ఉన్న స్కేలుపై 1.7 అనేది నేలకు అంటుకున్న గీతలా ఉంటుంది. అది 1.7 నుంచి 2.5కు పెరిగినా కంటికి తేడా తెలియదు. జనాభా లెక్కల్లో మాత్రం అది చాలా పెద్ద మార్పు.

ఇంట్లో ల్యాబ్ రిపోర్టు చూసినా ఇదే సంగతి. ఒకరికి చక్కెర 110, హిమోగ్లోబిన్ 12, క్రియాటినిన్ 1.9 ఉన్నాయనుకుందాం. బార్లు గీస్తే చక్కెరే భయపెడుతుంది. ఈ మూడింటిలో ముందుగా డాక్టరుతో మాట్లాడాల్సింది మాత్రం 1.9 గురించే. పెద్దల్లో క్రియాటినిన్ సాధారణంగా 1.3 దాటకూడదు. అందుకే ల్యాబులు ప్రతి ఫలితం పక్కనా 'ఉండాల్సిన పరిమితి' అచ్చు వేస్తాయి. మనం చూసేది అంకె ఎంత పెద్దదన్నది కాదు, తన పరిమితికి అది ఎంత దూరంలో ఉందన్నది. జిల్లా లెక్కలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

రెండు వైపులా స్కేళ్లుంటే జాగ్రత్త

కొలతలు వేరైనప్పుడు చాలామంది ఎంచుకునే మార్గం, చార్టుకు ఎడమవైపు ఒక స్కేలు, కుడివైపు మరో స్కేలు పెట్టడం. చూడటానికి సౌకర్యంగా ఉంటుంది. తప్పుదారి పట్టించడం కూడా ఇందులోనే తేలిక.

రాష్ట్రానికి చెందిన రెండు నిజమైన లెక్కలు చూడండి. 2015-16 నాటి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4 నుంచి 2019-21 నాటి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5కు వచ్చేసరికి ఆసుపత్రి కాన్పులు 91.5 శాతం నుంచి 96.5 శాతానికి పెరిగాయి. ఇదే కాలంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 58.6 శాతం నుంచి 63.2 శాతానికి పెరిగింది.

ఎడమ స్కేలును 90 నుంచి 100 వరకూ, కుడి స్కేలును 57 నుంచి 67 వరకూ పెడితే రెండు గీతలూ దాదాపు ఒకదానిపై ఒకటి పడతాయి. 'ఆసుపత్రి కాన్పులు పెరిగేకొద్దీ పిల్లల్లో రక్తం తగ్గుతోంది' అని శీర్షిక పెడితే నమ్మేవాళ్లు ఉంటారు. ఆ రెండు గీతలు కలిసింది మాత్రం గీసినవారు ఎంచుకున్న స్కేలు వల్ల. పైగా ప్రతి గీతకూ ఉన్నవి రెండే బిందువులు. పెరిగిన ఏ రెండు లెక్కలనైనా ఇలా ఒకదానిపై ఒకటి పడేలా చేయొచ్చు.

కుడి స్కేలును సున్నా నుంచి వందకు మార్చండి. రక్తహీనత గీత దాదాపు చదునుగా మారుతుంది. 'పెద్ద మార్పేమీ లేదు' అనిపిస్తుంది. లెక్క మారలేదు, కథ మారింది.

దీనికి దగ్గరి ఎత్తుగడ, స్కేలును మధ్యలో నుంచి మొదలుపెట్టడం. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల శాతం ఈ రెండు సర్వేల మధ్య 31.4 నుంచి 31.2కు మాత్రమే తగ్గింది. 31 నుంచి 31.5 వరకూ ఉన్న స్కేలుపై బార్లు గీస్తే సమస్య సగానికి పడిపోయినట్లు కనిపిస్తుంది. బార్ చార్టు ఎప్పుడూ సున్నా నుంచే మొదలవ్వాలి. గీతల చార్టుకు ఆ నిబంధన లేకపోయినా స్కేలు ఎక్కడ మొదలైందో చూడాల్సిందే.

సరిగ్గా పోల్చడానికి ఐదు దారులు

1. వేర్వేరు చిన్న చార్టులు: ఒక్కో సూచికకు ఒక్కో చిన్న గడి, దాని స్కేలు దానికే. అన్నింట్లోనూ ఏళ్లు మాత్రం ఒకే వరుసలో. ఫోన్ తెరపై ఒకదాని కింద ఒకటి వచ్చినా చదువుకోవచ్చు. ఎక్కువ సందర్భాల్లో ఇదే మంచి పద్ధతి.

2. మొదటి ఏడాదిని 100 అనుకోవడం: ధరల సూచీ తయారయ్యే తీరు ఇదే. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4 లెక్కను 100 అనుకుంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 నాటికి రాష్ట్రం పరిస్థితి ఇలా ఉంటుంది:

- శిశు మరణాల రేటు (34.9 నుంచి 30.3): 86.8
- 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత (60.0 నుంచి 58.8 శాతం): 98.0
- పిల్లల్లో ఎత్తు లోపం (31.4 నుంచి 31.2 శాతం): 99.4
- ఆసుపత్రి కాన్పులు (91.5 నుంచి 96.5 శాతం): 105.5
- పిల్లల్లో రక్తహీనత (58.6 నుంచి 63.2 శాతం): 107.8

ఇప్పుడు వెయ్యికి లెక్కనూ, వందకు లెక్కనూ ఒకే చార్టులో చూడొచ్చు. అయితే రెండు విషయాలు మర్చిపోకూడదు. 105.5 శుభవార్త, 107.8 చెడువార్త. పైకి వెళ్లిందన్నంత మాత్రాన బాగుపడినట్లు కాదు. రెండోది, ఆసుపత్రి కాన్పులు నూటికి నూరు శాతమైనా ఈ సూచీ 109.3 దాటదు. ఇప్పటికే బాగున్న సూచికకు పెరిగే చోటు తక్కువ. దాన్ని 'నెమ్మదిగా సాగుతోంది' అనడం న్యాయం కాదు.

3. లక్ష్యానికి ఎంత దూరం: ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల ప్రకారం 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా ప్రసూతి మరణాలు లక్షకు 70 లోపునకు రావాలి. 45తో ఆంధ్రప్రదేశ్ ఆ గీత లోపలే ఉంది. ఇలా ప్రతి సూచికనూ దాని లక్ష్యంతో భాగిస్తే కొలతల గొడవ పోతుంది. 1 కంటే తక్కువా, ఎక్కువా అన్నదే మిగులుతుంది. లక్ష్యం ఎవరు పెట్టారో, ఎప్పటికి పెట్టారో మాత్రం చార్టులో రాసి ఉండాలి.

4. సున్నా నుంచి వంద మార్కులు: నీతి ఆయోగ్ రాష్ట్రాల ఆరోగ్య సూచీ ఈ పద్ధతినే వాడింది. పోల్చే రాష్ట్రాల్లో అన్నిటికంటే మెరుగైన దానికి 100, వెనకబడిన దానికి 0 ఇచ్చి, మిగతావాటికి మధ్యలో మార్కులు వేస్తారు. తక్కువ ఉంటేనే మంచిదయ్యే సూచికలకు లెక్కను తిరగేస్తారు. దీన్ని శిశు మరణాలకు వేసి చూద్దాం. 2020లో పెద్ద రాష్ట్రాల్లో కేరళ రేటు 6, మధ్యప్రదేశ్ రేటు 43, ఆంధ్రప్రదేశ్ రేటు 24. 43లో నుంచి 24 తీసేస్తే 19. దాన్ని 43, 6ల తేడా అయిన 37తో భాగిస్తే వందకు సుమారు 51 మార్కులు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ 51 మన పనితీరు ఒక్కదానిపైనే ఆధారపడదు. రేపు పెద్ద రాష్ట్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రేటు 43 నుంచి 35కు తగ్గితే, ఇక్కడ ఏమీ మారకపోయినా మన మార్కులు 38కి పడిపోతాయి.

ఇలా పలు సూచికల మార్కులను కలిపి ర్యాంకు ఇచ్చినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2021 డిసెంబరులో విడుదలైన నాలుగో ఆరోగ్య సూచీలో పెద్ద రాష్ట్రాల్లో తెలంగాణకు 69.96, ఆంధ్రప్రదేశ్‌కు 69.95 మార్కులు వచ్చాయి. తేడా 0.01. ర్యాంకుల పట్టికలో మాత్రం ఒకటి మూడు, మరొకటి నాలుగు. ర్యాంకు చూస్తే ఒక మెట్టు, మార్కు చూస్తే తేడానే లేదు.

5. అంగన్‌వాడీ కార్డు పద్ధతి: కిలోలను సెంటీమీటర్లతో పోల్చే చార్టు చిన్నపిల్లలున్న చాలా ఇళ్లలో ఇప్పటికే ఉంది. అదే తల్లీబిడ్డల సంరక్షణ కార్డులోని ఎదుగుదల చార్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాలు దీనికి ఆధారం. ఆరోగ్యంగా పెరిగే పిల్లల్లో ఆ వయసుకు మధ్యస్థంగా ఉండే బరువు లేదా ఎత్తును సున్నాగా తీసుకుంటారు. అక్కడి నుంచి బిడ్డ ఎన్ని 'మెట్లు' పైన, ఎన్ని మెట్లు కింద ఉన్నదీ చూస్తారు. గణాంక శాస్త్రంలో ఆ మెట్టు పేరు ప్రామాణిక విచలనం.

సరిగ్గా రెండేళ్ల ఆడపిల్లను తీసుకుందాం. ఈ వయసుకు మధ్యస్థ బరువు 11.5 కిలోలు, రెండు మెట్లు కింద 9 కిలోలు. మధ్యస్థ ఎత్తు 85.7 సెంటీమీటర్లు, ఒక మెట్టు కింద 82.5, రెండు మెట్లు కింద 79.3. పాప బరువు 9 కిలోలు, ఎత్తు 82.5 సెంటీమీటర్లు ఉంటే బరువులో మైనస్ 2 దగ్గర, ఎత్తులో మైనస్ 1 దగ్గర ఉన్నట్లు. ముందు చూడాల్సింది బరువునని వెంటనే తెలుస్తుంది. మైనస్ 2 కంటే కిందికి వెళ్తే బరువు లోపం లేదా ఎత్తు లోపం అంటారు. కార్డులో ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల పట్టీలు చెప్పేది ఇదే. మగపిల్లలకూ, ఆడపిల్లలకూ చార్టు వేరుగా ఉంటుంది. కార్డు ఇచ్చినప్పుడు అది చూసుకోండి.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ లెక్కల్లో ప్రత్యేక చిక్కులు

జిల్లా మారింది: ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో 'కృష్ణా జిల్లా' అంటే విజయవాడ, నందిగామ, నూజివీడు, కైకలూరు కూడా కలిసిన ఉమ్మడి జిల్లా. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 45 లక్షల మందికి పైగా ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన విభజనలో విజయవాడ పరిసరాలు ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. మచిలీపట్నం కేంద్రంగా మిగిలిన కృష్ణా జిల్లా జనాభా, అదే 2011 లెక్కల ప్రకారం, సుమారు 17.35 లక్షలు. కాబట్టి 2022కు ముందు, తర్వాత అంకెలను 'కృష్ణా' పేరుతో ఒకే గీతలో కలిపితే అది రెండు వేర్వేరు ప్రాంతాలను కలిపినట్లే.

కాన్పు ఎక్కడ, కాపురం ఎక్కడ: జనన నమోదు కాన్పు జరిగిన చోట జరుగుతుంది. నాగాయలంకలో ఉండే మహిళ మచిలీపట్నం ఆసుపత్రిలో ప్రసవిస్తే ఆ జననం మచిలీపట్నం లెక్కలోకి వెళ్తుంది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఉండనే ఉంది. గుడివాడ అమ్మాయి విజయవాడలో కాపురం చేస్తున్నా బిడ్డ గుడివాడలో పుట్టొచ్చు. అందుకే ఆసుపత్రులున్న పట్టణాల్లో జననాలు ఎక్కువగా, దివిసీమలోని కోడూరు వంటి మండలాల్లో తక్కువగా కనిపిస్తాయి. కష్టమైన కేసులు పెద్దాసుపత్రికే వస్తాయి కాబట్టి మరణాల లెక్కలోనూ ఇదే జరుగుతుంది. పట్టణాన్నీ పల్లె మండలాన్నీ పోల్చిన చార్టు కనిపిస్తే, లెక్క తల్లి నివాసాన్ని బట్టి వేశారా, కాన్పు జరిగిన చోటును బట్టి వేశారా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

చిన్న మండలం, పెద్ద ఊగిసలాట: ఒక మండలంలో ఏడాదికి 600 కాన్పులు జరుగుతాయనుకుందాం. ఒక్క తల్లి చనిపోతే ఆ ఏడాది రేటు లక్షకు 167. మరుసటి ఏడాది ఎవరూ చనిపోకపోతే సున్నా. చార్టులో ఇది కొండా లోయా లాగా కనిపిస్తుంది. ఆ ఒక్క మరణంపై విచారణ జరగాల్సిందే, కారణం తేలాల్సిందే. దాన్ని రేటుగా మార్చి పక్క మండలంతో పోల్చడంలో మాత్రం అర్థం లేదు. చిన్న ప్రాంతాలకు మూడేళ్లో, ఐదేళ్లో కలిపి చూడాలి, లేదా నేరుగా సంఖ్య రాయాలి.

సర్వే ఎంతమందిని అడిగింది: ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో రాష్ట్రం మొత్తం మీద సర్వే చేసినవి సుమారు 11 వేల కుటుంబాలు. అప్పటి 13 జిల్లాలకు పంచితే జిల్లాకు సగటున తొమ్మిది వందల లోపే. రాష్ట్ర స్థాయి అంకెకు ఉన్నంత కచ్చితత్వం జిల్లా అంకెకు ఉండదు. రెండు జిల్లాల మధ్య ఒకటి రెండు శాతం తేడాను గెలుపోటముల్లా చూడొద్దు.

ఒకే పేరు, రెండు లెక్కలు

పైన శిశు మరణాల రేటు ఒకచోట 24 అని, మరోచోట 30.3 అని ఉండటం గమనించే ఉంటారు. రెండూ ఆంధ్రప్రదేశ్‌వే. 24 అనేది 2020 ఏడాదికి ఎస్‌ఆర్‌ఎస్ ఇచ్చినది. 30.3 అనేది ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ఇచ్చినది. ఆ సర్వే తన తేదీకి ముందు ఐదేళ్లను కలిపి లెక్కిస్తుంది. కాలం వేరు, పద్ధతి వేరు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ నుంచి పాత అంకె, ఎస్‌ఆర్‌ఎస్ నుంచి కొత్త అంకె తీసుకుని '34.9 నుంచి 24కు తగ్గింది' అని గీస్తే లేని వేగం కనిపిస్తుంది. ఒక గీతలోని అన్ని బిందువులూ ఒకే చోటి నుంచి రావాలి.

చార్టు షేర్ చేసే ముందు ఈ ఆరు చూడండి

1. అంకె ఎంతమందికి వేసిన లెక్క? వందకా, వెయ్యికా, లక్షకా?
2. పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా?
3. స్కేలు ఎక్కడ మొదలైంది? రెండు వైపులా వేర్వేరు స్కేళ్లున్నాయా?
4. అన్ని ఏళ్ల లెక్కలూ ఒకే సర్వేవేనా? ప్రాంతం సరిహద్దులు మారాయా?
5. ఇచ్చింది ర్యాంకా, అసలు అంకెనా? ర్యాంకే అయితే అసలు అంకెల తేడా ఎంత?
6. అంకె వెనుక ఎంతమంది ఉన్నారు? పదుల్లోనా, వేలల్లోనా?

అసలు లెక్క కావాలంటే

రాష్ట్ర, జిల్లా స్థాయి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఫ్యాక్ట్‌షీట్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మండలం, ఆరోగ్య కేంద్రం స్థాయి వివరాలకు మచిలీపట్నంలోని జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయాన్ని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపై కార్యాలయాల్లో రూ.10. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కర్లేదు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. రేటు ఒక్కటే కాకుండా 'మొత్తం కాన్పులు ఎన్ని, మరణాలు ఎన్ని, లెక్క తల్లి నివాసం ప్రకారమా, కాన్పు జరిగిన చోటు ప్రకారమా' అని విడివిడిగా అడగండి. అప్పుడు ఏ కొలతలోకి కావాలంటే ఆ కొలతలోకి మీరే మార్చుకోవచ్చు.

ఈ జాగ్రత్త ఎందుకో పై అంకెల్లోనే ఉంది. ఐదు సూచికలను కలిపి ఒక సగటు మార్కు ఇస్తే రాష్ట్రం ముందుకు వెళ్లినట్లే కనిపిస్తుంది. విడదీసి చూస్తేనే ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 63.2 శాతానికి పెరిగిన సంగతి బయటపడుతుంది. అంటే పదిమందిలో ఆరుగురికి పైగా పిల్లల్లో హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపే ఉంది. రక్తహీనత నివారణ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్ ఉచితంగా ఇవ్వాలి. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే, సిరప్ అందుతోందో లేదో ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో ఈ వారమే అడగండి.